బండగుడి కండక్టర్

గుర్వయ్యకు నలుగురు మనుషులు ఒకచోట కనబడితే చాలు, లెక్కపెట్టకుండా ఉండలేడు.

పెళ్లిలో తాళి కట్టే వేళకు అందరూ అక్షింతలు పట్టుకుని పెళ్లికొడుకు చేతులకేసి చూస్తుంటే, ఈయన వెనకాల మునివేళ్ల మీద నిలబడి తలకాయలు లెక్కేస్తుంటాడు. కుడిచేతి బొటనవేలు టిక్కు టిక్కుమని ఆడుతుంటుంది, టికెట్ పంచ్ ఇంకా చేతిలోనే ఉన్నట్టు. చావు ఇంటికి పోయినా అంతే. ఒకసారి వాకిట్లో నిలబడి, ఎవరూ అడక్కుండానే, "డెబ్బై రెండు మంది కూసున్నరు, ఒకలు పండుకున్నరు" అన్నాడు. పోయినాయన కొడుకు ఏడుస్తూ ఏడుస్తూ ఫక్కున నవ్వి, నవ్వినందుకు మళ్లీ మొదటినుంచి ఏడవాల్సి వచ్చింది.

ముప్పై ఒక్క ఏండ్లు ఆర్టీసీలో కండక్టరు. రిటైరైన రోజు ఖాకీ చొక్కా విప్పి దండేనికి తగిలించాడు కాని, లోపలున్న కండక్టరును విప్పలేకపోయాడు.

"ఇంట్ల మేం ఉన్నదే ఇద్దరం," అని మొత్తుకునేది భార్య రామమ్మ. "పొద్దుగాల లేవంగనె నా దిక్కు జూసి 'రెండు' అంటడు. ఎవలన్న ఇంటె ఏమనుకుంటరు?"

పోనీ అన్నీ లెక్కపెట్టే మనిషా అంటే, అదీ కాదు. ఇంట్లో కోళ్లెన్నో తెలియదు. బర్రెలు రెండా మూడా అంటే రామమ్మను పిలుస్తాడు. "గవన్ని లగేజీ," అనేవాడు చెయ్యి విదిల్చి. "మనం లెక్కవెట్టాల్సింది మనుషుల్ని."

కేతేపల్లి దాటి లోపలికి పోయే బస్సు దారిలో వాళ్ల ఊరు, పొడుగుబండ. ప్రత్యేక రాష్ట్రం వచ్చిన మూడో ఏడు, ఎండాకాలంలో, ఆ ఊరి మెథడిస్టు సంఘానికి కొత్త పాస్టరును వేశారు. బస్సు దిగేటప్పటికి పదిహేను మంది పూలదండతో ఎదురు నిలబడ్డారు. బస్సులోంచి జహీరాబాద్ దిక్కు పిల్ల, గ్రేస్, ఒక చేత్తో సూట్‌కేసు, ఒక చేత్తో గొడుగు పట్టుకుని దిగింది. ఇరవై ఎనిమిదేండ్లు. దండ పట్టుకున్నాయన ఆమె మీదినుంచి బస్సులోకి తొంగిచూశాడు.

"పాస్టరయ్య ఎనుక దిగుతుండా అమ్మా?"

"నేనే పాస్టర్ను," అన్నది గ్రేస్.

"మంచిది మంచిది. మరి అయ్యగారు?"

వెనకనించి గుర్వయ్య గట్టిగా కేకేశాడు. "ఒక్కలే దిగిండ్రు! నేను జూసిన. ఇంకెవరు లేరు. వచ్చింది ఈమెనే. దండెయ్యుండ్రి!"

దండ పడింది. గ్రేస్ ఆ ఊళ్లో పాస్టరు కావడం అట్లా, ఒక కండక్టరు ధ్రువీకరణ మీద జరిగిపోయింది.

మొదటి ఆదివారం ఆరాధన రేకుల షెడ్డు కింద. గ్రేస్ కండ్లు మూసుకుని, చేతులు చాచి, "పరలోకమందున్న..." అన్నదో లేదో, షెడ్డు గుంజ పక్కనుంచి గొంతు.

"ఆగుండ్రమ్మా! ఒకలు తక్కువున్నరు."

గ్రేస్ కండ్లు తెరిచింది. "ఎవరు?"

"సుక్కమ్మ. చెరువుకట్ట దాటింది. వస్తాంది."

జనంలో ఒక్కరూ కదల్లేదు. స్టాండులో ఆగిన బస్సులో కూర్చున్నట్టు, పుస్తకాలతో విసురుకుంటూ కూర్చున్నారు. ఏడు నిమిషాలకు సుక్కమ్మ వచ్చింది. తొందర లేకుండా చెప్పులు విడిచింది, కొంగుతో మొహం తుడుచుకుంది.

"జరుగుండ్రి, జరుగుండ్రి, ముంగట ఖాళీ ఉన్నది," అని ఆమెకు జాగా ఇప్పించి, గుర్వయ్య గ్రేస్ వైపు చెయ్యి ఊపాడు. "ఇగ రైట్!"

నాలుగేండ్లు వేదాంతం చదివింది గ్రేస్. ఆరాధనకు ఎవరైనా "రైట్" చెబితే ఏం చేయాలన్నది అక్కడ ఎవరూ నేర్పలేదు. ప్రార్థన మొదలుపెట్టింది. మూడు నెలలు తిరిగేసరికి, ఆమెకు తెలియకుండానే, నోరు తెరిచే ముందు గుంజ వైపు చూడడం అలవాటైంది.

ప్రసంగంలో కూడా ఆయనతో జాగ్రత్తగా ఉండాల్సి వచ్చేది. "అనేకులు ఆయన యొద్దకు వచ్చిరి" అని గ్రేస్ చదివితే, గుంజ దగ్గర్నుంచి చిన్నగా, "ఎంతమందో చెప్పలేదు," అనే సణుగుడు. ఐదువేల మందికి రొట్టెలు పంచిన భాగం మాత్రం ఆయనకు ప్రాణం. "గా రాసినాయన లెక్క తెలిసిన మనిషి," అనేవాడు.

ఇక షెడ్డు ఎందుకంటే, గుడి మూతబడింది కాబట్టి. ఊరి పక్కన ఏనుగు వీపులాంటి పెద్ద బండ, దాని మీద రాతి గుడి. ఊరంతా బండగుడి అనే అంటారు. నూట పదేండ్ల కింద కరువు కాలంలో మిషన్ వాళ్లు కట్టించారు. ఆ రాళ్లు మోసింది ఇప్పుడున్న వాళ్ల తాతలు, ముత్తవ్వలు. డంగు సున్నంతో పేర్చిన గోడలు, టేకు దూలాలు, పైన బెంగుళూరు పెంకలు. పదేండ్ల కింద ఒక మంగళవారం మధ్యాహ్నం నడిమి దూలం విరిగి కూలింది. ఊరంతా పరుగెత్తింది. దూలం ఎట్లా విరిగింది, పెంకలెన్ని పగిలాయి అని అందరూ అడుగుతుంటే గుర్వయ్య ఒక్కటే అడిగాడు. "లోపట ఎంతమంది?" ఎవరూ లేరని తెలిశాక గడప మీద కూలబడి కాసిన్ని నీళ్లడిగాడు. ఆ రోజు పడ్డ తాళం మళ్లీ తీయలేదు.

గ్రేస్ వచ్చిన రెండో ఏడు సంఘ కమిటీ కూర్చుంది. కమిటీ పెద్ద రఘుపతి సారు, రిటైరైన టీచరు. మంచివాడే, కాని ఆయన బావమరిది మేళ్లచెరువు దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. దాంతో సారు సిమెంటు గురించి మాట్లాడితే ఇంటి అల్లుడి గురించి మాట్లాడినట్టుండేది.

"పాతది కూలగొడదం," అన్నాడు సారు. "స్లాబేద్దం. ముంగట కిరాయికి రెండు దుకాణం మడిగెలు, ఎనుక హాలు. నున్నగ, సల్లగ, యాభై ఏండ్లు మల్ల సూడనక్కర లేదు."

గ్రేస్‌కు ఎటూ తేలలేదు. పాత గుడి తలుపు సందులోంచి చూసినప్పుడల్లా, విరిగిన కప్పులోంచి లోపల పడే ఎండ చూసి గుండె పట్టినట్టయ్యేది. కాని గుండె పట్టిందని గోడలు నిలబడవు గదా.

"మీరేమంటరు పెద్దనాయినా?" అని గుర్వయ్యను అడిగింది.

"పాతదాంట్ల ఎంతమంది వడ్తరు? కొత్తదాంట్ల ఎంతమంది వడ్తరు?"

సారు నవ్వాడు. "గుడి అంటె బస్సా గుర్వయ్యా?"

"కాదు సార్. బస్సుల నిలవడి వోవచ్చు."

మరుసటి ఆదివారం పొద్దున గ్రేస్ బండ మీదికి వచ్చి చూస్తే, గుర్వయ్య నడుం వంచి ముగ్గు పోస్తున్నాడు. గుడి పక్కన బండ మీద పాత గుడి ఎంత ఉందో అంత గీత. దాని పక్కనే సారు చెప్పిన స్లాబు హాలు, మడిగెలతో సహా. రెండింటికీ తలుపుల దగ్గర ఖాళీ వదిలాడు. ఊళ్లో దండోరా కూడా వేయించాడు. సంఘం వాళ్లే కాదు, ఎవరైనా రావచ్చని.

సంఘం బయటివాళ్లూ వచ్చారు. మహిళా సంఘాల పెద్ద, రెడ్ల ఇంటావిడ నాగరాణి, ఇరవై మంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి గీత బయట ఆగింది. "మేం సుత ఎక్కొచ్చా కండక్టర్ సారూ?"

"టికెట్ లేదు, ఎక్కుండ్రి. తలుపుల కెల్లి రాండ్రి. గీత దాటొద్దు, గది గోడ!"

ముందు స్లాబు హాలు. జనం కూర్చుంటూ పోయారు. తొంబై రెండో మనిషికి మోకాళ్లు ముందువాళ్ల వీపుల్లో దిగబడ్డాయి. రఘుపతి సారు పక్కన నిలబడి తల ఊపుతుంటే గుర్వయ్య అరిచాడు. "సార్, మీరు గోడలున్నరు! జర బయటికి రాండ్రి!" సారు ఉలిక్కిపడి గోడలోంచి బయటికి దూకాడు.

తర్వాత అందర్నీ లేపి పాత గుడి గీతలోకి తోలాడు. నూరు దాటింది, నూట యాభై దాటింది. మేకలు కాసే ముసలాయన్ను బతిమాలి తెచ్చి కూర్చోబెట్టాడు. మేకలు గోడల్లోంచి అటూ ఇటూ తిరుగుతున్నా ఏమనలేదు, లగేజీ కదా. రెండు వందల ఏడు దగ్గర వచ్చిన మనుషులు అయిపోయారు, జాగా అయిపోలేదు.

ఇంతమంది ఆడా మగా, అన్ని వాడలవాళ్లు, ఒక్కచోట బండ మీద మోకాలికి మోకాలు ఆనించి కూర్చోవడం ఆ ఊళ్లో ఎవరూ చూసి ఎరగరు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వుకున్నారు. నాగరాణి చుట్టూ చూసి గ్రేస్‌తో అన్నది, "పాస్టరమ్మా, ఊళ్లె మాకు మీటింగుకు నీడ లేదు. పిల్లలు సదువుకునేటందుకు జాగా లేదు. ఆదివారం మీరు మొక్కుకోండ్రి, కడమ దినాలు ఊరికి ఇయ్యరాదు? పనికి మేం సుత వస్తం."

గ్రేస్ సారు వైపు చూసింది. సారు ఆ ముగ్గు గీతల చుట్టూ ఒకసారి నడిచి వచ్చాడు. "తొంబై రెండు, రెండు వందల ఏడు," అన్నాడు చివరికి. "నేను లెక్కల సారునే గదమ్మా. ఇంక ఏమంట? పాతదే నిలవెడదం."

కొంత పై సంఘం సాయం చేసింది, ఎక్కువ ఊరే చేసింది. హుజూర్‌నగర్ అవతలి పల్లెనుంచి కృష్ణయ్య మేస్త్రిని పిలిపించారు. డెబ్బై ఏండ్లు, సున్నం పని తెలిసినవాళ్లలో మిగిలిన ఒకరిద్దరిలో ఒకడు. గోడకు ఎవరో ఎప్పుడో కొట్టిన సిమెంటు మాట్లు చూసి నాలుక చప్పరించాడు.

"సిమెంటు కోపిష్టిదమ్మా. పొద్దుగాల కలిపితె మాపటికి బండ. సున్నం నిదానం మనిషి. గోడకు ఊపిరాడనిస్తది."

ఆ మాట విన్న రఘుపతి సారు, బావమరిదికి ఫోన్లో ఏం చెప్పాడో కాని, రెండు రోజులు ఎవరితోనూ సిమెంటు ఊసెత్తలేదు.

పని సాగింది. సున్నం నానింది, గానుగ తిరిగింది. ఆడవాళ్లు బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ పోసి సున్నం దంచారు. గుర్వయ్యకు తాపీ పట్టడం రాదు, సుత్తి పట్టడం రాదు. కాని పొద్దున పనికి ఎక్కినవాళ్లను లెక్కపెట్టేవాడు, మాపటికి దిగినవాళ్లను లెక్కపెట్టేవాడు. నడుమ చాయ్ దగ్గర ఒక లెక్క. అందరూ దిగేదాకా చాయ్ పోయనిచ్చేవాడు కాదు.

"మేస్త్రీ, మీద ఇద్దరున్నరు. దిగుమను."

"సున్నం ఆరిపోతదయ్యా!"

"సున్నం ఆరితె మల్ల కలుపుకోవచ్చు. చాయ్ సల్లారితె ఏం జేస్తవ్?"

కృష్ణయ్య తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "గడీలు జేసిన, కోటగోడలు జేసిన. కండక్టరు కింద పని జేసుడు మాత్రం ఇదే మొదలు."

గోడలు అయ్యాయి. కొత్త దూలాలు ఎక్కాయి, పెంకలు ఆనడానికి వాటి మీద రీపర్లు కొట్టారు. లోపలి గోడలకు సున్నం పూత పూర్తయి, ఇంకా పచ్చిగా ఉంది. మిగిలింది కప్పు మీద పెంకలు పరవడం. అక్కడే వచ్చింది చిక్కు.

పెంకల లారీ పదిహేను దినాలు ఆలస్యంగా వచ్చింది. బండ ఎక్కలేక కింద రోడ్డు మీదనే ఐదు వేల పెంకలు దింపి పోయింది. అప్పటికే మిరుగం కార్తె, తొలకరి వానల కాలం, దగ్గర పడింది. ముందురోజు ఒక జల్లు పడితే ఊరంతా పత్తి గింజలు పట్టుకుని చేన్లకు ఉరికింది. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, అదను పోతే ఏడాది పోతుంది. నాగరాణి కండ్లల్లో నీళ్లు పెట్టుకుని చెప్పింది. "రెండు దినాలు ఆగు పాస్టరమ్మా, ఇత్తునం పడంగనె అందరం వస్తం."

కృష్ణయ్య ఆకాశం చూశాడు. పడమటి దిక్కు నల్లగా కమ్ముతోంది. "రెండు దినాలు ఆగదిది. రేపు మాపటికి దంచుతది. పచ్చి పూత మీద వాన వడితె గోడల మీది పనంత కారి బండ మీదికి వస్తది. మూడు నెలల కష్టం."

"ఎంతమంది కావాలె?" అని అడిగాడు గుర్వయ్య.

"రోడ్డు కాడికెల్లి కప్పు దాక వరుస నిలవడాలె. నలబై మంది తక్కువ గాకుండ. యాడున్నరు నలబై మంది?"

గుర్వయ్య లేచాడు. చెప్పులు తొడుక్కుని బస్సు ఎక్కి పోయాడు. వెనక రామమ్మ, "యాడికి వోతున్నవ్? అన్నం తినవా?" అని అరుస్తూనే ఉంది.

గ్రేస్ ఆ రోజు సరిగ్గా తినలేకపోయింది. తెల్లారి లేచి బండ మీదికి వచ్చింది. ఉన్నదల్లా తను, రామమ్మ, సారు, కృష్ణయ్య, ఆయన మనుషులు నలుగురు. తలా పది పెంకలు నెత్తిన పెట్టుకుని మోయడం మొదలుపెట్టారు. గంట మోసి చూస్తే, కింద కుప్ప తగ్గినట్టే లేదు.

ఏడుంబావుకు పొద్దుటి బస్సు వచ్చింది. ఎప్పుడూ పొడుగుబండలో ఇద్దరో ముగ్గురో దిగే బస్సు. ఆ రోజు దిగుతున్నారు, దిగుతున్నారు, దిగుతూనే ఉన్నారు. ఆడవాళ్లే ఎక్కువ. కొందరి చేతుల్లో అన్నం డబ్బాలు, కొందరి వెంట మొగుళ్లు. కుర్ర కండక్టరు అయోమయంగా ఖాళీ సీట్ల వైపు చూస్తున్నాడు. కింద తలుపు పక్కన నిలబడి గుర్వయ్య, బొటనవేలు ఆడిస్తూ.

"నలబై నాలుగు, నలబై అయిదు, నలబై ఆరు. అయిపోయింది. ఇగ రైట్, పో!"

గ్రేస్ పెంక చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడింది. "వీళ్లంతా ఎవరు పెద్దనాయినా?"

"మనోళ్లే," అన్నాడు గుర్వయ్య. ఆయనకు ఒక్కరి పేరూ గుర్తు లేదు, బస్సెక్కే స్టాపులే గుర్తు. "ఈమె క్రాస్‌రోడ్డు. గామె రెండో స్టేజి. గా పొడుగు పిల్ల రైసుమిల్లు. పదండ్రి పదండ్రి, వరుస నిలవడుండ్రి. జరుగుండ్రి, నడుమ ఖాళీ వెట్టొద్దు!"

వరుస నిలబడింది. రోడ్డునుంచి బండ మీదికి, బండ మీదినుంచి నిచ్చెన దాకా, నిచ్చెన మీదినుంచి కప్పు దాకా. పెంక చేతిలోంచి చేతిలోకి పరుగెత్తింది. గ్రేస్ పక్కన నిలబడ్డది రైసుమిల్లు పిల్ల. పేరు మనీష, సూర్యాపేటలో నర్సు. అమ్మకు బాగాలేదని లీవు పెట్టి ఊరికొచ్చి ఉందట.

"ఆయన మీకెట్లా తెలుసు?" అని అడిగింది గ్రేస్, పెంక అందుకుంటూ.

మనీష నవ్వింది. "మేం పదకొండు మందిమి ఆడపిల్లలం మేడం, ఇంటర్ల ఉన్నప్పుడు. ఈ దారి ఊర్లకెల్లి పొద్దుగాల ఈయన బస్సులనె పోతుంటిమి. ఎక్కంగనె లెక్కవెట్టేది. మాపటికి గదే బస్సు, గదే ఆఖరు బస్సు. పదకొండు మంది ఎక్కిందాక కదలనిచ్చేది గాదు. బస్సులున్నోళ్లందరు తిడ్తుండిరి. ఈయన కింద దిగి టైర్లు తన్నుకుంట, 'గాలి తక్కువున్నట్టున్నది' అని అబద్ధాలాడేది."

"నిజంగనా?"

"ఒకనాడు నాకు ప్రాక్టికల్సు. ముప్పావు గంట ఆలస్యం. మా నాయిన ముందే అన్నడు, ఒక్కపూట ఇంటికి రాకుంటె సదువు బంద్, పెండ్లే అని. ఏడ్చుకుంట ఉరికొచ్చిన. బస్సు ఉన్నది! ఈయన టైరు పక్కన కూసున్నడు. నన్ను జూసి తిట్టలే, అడుగలే. 'పదకొండు' అన్నడు, గంతే. బెల్లు కొట్టిండు." మనీష పెంక అందించడం ఆపి, చెయ్యి చీరకు తుడుచుకుంది. "ఆలస్యానికి మెమో వచ్చిందట. జవాబు రాసియ్యమంటె ఒక్కటే ముక్క రాసిండట, 'ఒకలు తక్కువుండిరి' అని. డ్రైవర్ చెప్పిండు మాకు. పదకొండు మందిమి ఇంటర్ పాసైనం మేడం. ఇయ్యాల తొమ్మిది మందిమి వచ్చినం. కడమోళ్లు మా తర్వాత సదువుకున్నోళ్లు, ఆళ్ల చెల్లెండ్లు, ఆళ్ల మొగుళ్లు. నిన్న ఇల్లిల్లు దిరిగిండు. 'పెంకలెక్కియ్యాలె, మనుషులు తక్కువున్నరు' అన్నడు. ఈయన నోట్లెకెల్లి గా మాట ఇన్నంక ఎవలు ఆగుతరు?"

గ్రేస్ చేతిలో పెంక నిలిచిపోయింది. ఇన్నాళ్లూ ఆయన లెక్కను చూసి ఎంత నవ్వింది! ఎన్నిసార్లు ప్రార్థన ఆగిపోయిందని విసుక్కుంది! ఆ లెక్క వచ్చినవాళ్ల కోసం కాదు, రాని ఒక్కరి కోసమని ఎన్నడూ తట్టలేదు.

పై నుంచి కేక వచ్చింది. "పాస్టరమ్మా! మీ కాడ ఆగింది! ఎనుక జామైతాంది!"

మధ్యాహ్నం మూడున్నరకు ఆఖరి పెంక ఎక్కింది. నాలుగుకు మొదటి చినుకు పడింది. ఆ వెంటనే ఆకాశం చిల్లిపడ్డట్టు కురిసింది. అందరూ గుడిలోకి ఉరికారు. చేన్లలోంచి తడుస్తూ వచ్చిన వాళ్లు కూడా అందులోకే వచ్చారు. పదేండ్ల తర్వాత ఆ కప్పు కింద మనుషులు నిలబడ్డారు. కృష్ణయ్య ఒక్కో గోడ దగ్గరికి పోయి పూత మీద వెనకచెయ్యి ఆనించి చూసుకున్నాడు. రఘుపతి సారు గుడి నడిమధ్యకు పోయి, అరచేయి చాచి, కప్పుకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఏం జేస్తుండ్రు సార్?" అన్నది రామమ్మ.

"కప్పు ఉరుస్తదేమోనని."

అయిదు నిమిషాలు నిలబడ్డాడు. చెయ్యి పొడిగానే ఉంది. ఆ చెయ్యి అట్లాగే తీసుకుపోయి కృష్ణయ్య భుజం మీద వేశాడు.

గ్రేస్ గుర్వయ్య దగ్గరికి పోయింది. ఆయన తలుపు దగ్గరే ఉన్నాడు. "ఆ పదకొండు మంది సంగతి నాకెన్నడూ చెప్పలేదేం పెద్దనాయినా?"

గుర్వయ్య ఇబ్బందిగా వాన వైపు చూశాడు. "చెప్పేటందుకు ఏమున్నదమ్మా? పొద్దుగాల పదకొండు వోయినయ్. మాపటికి పదకొండు రావాలె. లేకుంటె లెక్క తప్పుతది. గంతే గద?"

శ్రావణంలో గుడి తెరిచారు. జిల్లా పాస్టర్లందరికీ పెద్ద, సంఘం సూపరింటెండెంటు గారు వచ్చారు. నాగరాణి సంఘం వాళ్లు గడపకు మామిడాకులు కట్టారు. మేకల ముసలాయన కొత్త కండువా వేసుకుని వచ్చాడు. బెంచీలు నిండాయి, గోడల వెంట నిలబడ్డారు, కిటికీల్లో కూర్చున్నారు. గుర్వయ్య తలుపు దగ్గర, తెల్ల చొక్కాలో.

ఆరాధన అయ్యాక గ్రేస్ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పింది. మేస్త్రికి, సున్నం దంచిన చేతులకు, పెంకలు మోసిన వాళ్లకు. సారుకు చెప్పింది. చివరికి, "గుర్వయ్య పెద్దనాయిన ముందుకు రావాలె," అన్నది.

"నేను రాను," అని తలుపు దగ్గర్నుంచి జవాబు. "ఈడ పనున్నది."

"ఒక్క నిమిషం వచ్చిపోండ్రి."

"తలుపు ఇడిసిపెట్టి ఎట్ల వస్తనమ్మా?"

గ్రేస్ పీఠం దిగి ముందుకు వచ్చింది. "అయితే అందరం లేద్దాం," అన్నది. "లేచి, తలుపు దిక్కు తిరుగుదాం."

గుడి మొత్తం లేచింది. బెంచీలు కిర్రుమన్నాయి. ప్రసంగ పీఠానికి వీపు పెట్టి జనమంతా తలుపు వైపు తిరిగారు. సూపరింటెండెంటు గారు కూడా అంగీ సర్దుకుని అటే తిరిగారు. ఒక్కసారిగా చప్పట్లు మొదలయ్యాయి. కొత్త కప్పు కింద ఆ చప్పుడు వాన మోతలా ఉంది.

గుర్వయ్య ఆగమాగమైపోయాడు. "ముంగటికి సూడుండ్రి! ఇటెందుకు సూస్తుండ్రు? ముంగటికి తిరుగుండ్రి!" అని చేతులు ఊపాడు. ఒక్కరూ తిరగలేదు. మనీష, ఆమె పక్కనున్న ఆడపిల్లలు ఇంకా గట్టిగా కొట్టారు. ఆయన గోడకు ఆనుకుని, కండువా తీసి మొహం తుడుచుకుని, తుడిచిన చోటే మళ్లీ తుడుచుకున్నాడు.

సాయంత్రం గ్రేస్ వాళ్లింటికి చాయ్‌కి పోయింది. రామమ్మ గ్లాసులు అందించి అరుగు మీద కూర్చుంది.

"ఇయ్యాల మొత్తం ఎంతమంది వచ్చిండ్రు పెద్దనాయినా?" అని అడిగింది గ్రేస్.

గుర్వయ్య చాయ్ ఊదుకున్నాడు. ఒక గుక్క తాగాడు. "మస్తు మంది," అన్నాడు.

గ్రేస్ గ్లాసు దించి ఆయన వైపు చూసింది. ముప్పై ఒక్క ఏండ్లలో ఆ మనిషి నోట "మస్తు" అన్న అంకె ఎవరూ విని ఉండరు.

"లెక్కవెట్టలేదా?"

"ఎట్ల వెట్టాలె? అందరు నా మొకమే సూడవట్టిరి. కండ్లల్ల సున్నం వడ్డట్టయింది. ఏం కనవడలే."

"నాకు ఎరుకే, గిట్లయితదని," అన్నది రామమ్మ, ఆయన వైపు చూడకుండా, గ్లాసులోకి ఇంకొంచెం చాయ్ వంచుతూ. "అందుకే నేను వెట్టిన. మున్నూట పద్దెనిమిది. తాగు."